గ్లేజ్ పూసి అమ్మే ఫ్రోజెన్ సాల్మన్ ప్యాకెట్లు: కొనేముందు ఒక హెచ్చరిక

తీపి గ్లేజ్ (మెరిసే సాస్ పూత) పూసి గడ్డకట్టించిన సాల్మన్ ముక్కలను, "నేరుగా ఓవెన్‌లో పెట్టండి, పావుగంటలో నలుగురికి భోజనం" అన్న హామీతో అమ్మే ప్యాకెట్లను కొనాలనుకుంటున్నవారు దయచేసి ఇది చదివిన తరువాతే నిర్ణయించుకోండి. అటువంటి ప్యాకెట్ ఒకటి మా ఇంట్లో రాత్రి భోజనానికి తెచ్చాము. నలుగురికి సరిపోతుందని అట్టపై రాసిన చేప ఇద్దరికి కూడా చాలలేదు. ఆ ఉన్న కాస్తా పైన మాడిపోయి, మధ్యలో పచ్చిగా ఉండిపోయింది. తయారీదారు పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే ఇదే పద్ధతిలో తయారయ్యే ఏ ప్యాకెట్‌లోనైనా ఈ లోపాలు ఉండే అవకాశం ఉంది.

ముందుగా బరువు సంగతి. గడ్డకట్టించిన చేపకు పలుచని మంచు పొర పట్టించడం మోసం కాదు. ఆ పొర లేకపోతే ముక్కలో తేమ ఆరిపోయి తెల్లని మచ్చలు పడతాయి. కొవ్వు ఎక్కువగా ఉండే సాల్మన్‌కు గాలి తగిలితే కొవ్వు చెడి కమురు వాసన కూడా వస్తుంది. అయితే అంతర్జాతీయ ఆహార ప్రమాణాలను రూపొందించే కోడెక్స్ సంస్థ, గడ్డకట్టించిన చేప ఫిల్లెట్ల నికర బరువులో ఈ మంచును లెక్కించకూడదని 1995 నాటి ప్రమాణంలోనే స్పష్టంగా చెప్పింది. మేము కొన్న ప్యాకెట్ ముఖంపై 500 గ్రాములని పెద్ద అక్షరాలు ఉన్నాయి. వెనుక వైపు, అతుకు మడతలో, "సాస్, మంచు పూతలతో కలిపి" అన్న మాట ఉంది. మంచు కరిగి, సాస్ తుడిచేసిన తరువాత తూచి చూస్తే చేప 340 గ్రాములు మాత్రమే తూగింది. అంటే దాదాపు మూడింట ఒక వంతు బరువుకు మేము చేప ధర చెల్లించి నీళ్లు, చక్కెర కొన్నామన్నమాట.

అందువల్ల ముందు అట్టపై ఉన్న బొమ్మను వదిలిపెట్టి పదార్థాల జాబితాకు వెళ్లండి. అందులో పదార్థాలను బరువు తగ్గే క్రమంలో రాస్తారు కనుక చేప తరువాత వెంటనే నీరు, ఆపై చక్కెర కనిపిస్తే విషయం అర్థమైపోతుంది. చాలా ప్యాకెట్లపై సాల్మన్ పక్కనే శాతం కూడా ఉంటుంది. నా ఉద్దేశంలో ఆ ఒక్క అంకె అట్టపై ఉన్న మిగతా రాతలన్నిటికంటే విలువైనది. జాబితాలో E450, E451, E452 అన్న సంకేతాలు ఫాస్ఫేట్లు అనే కలుపుడు పదార్థాలను సూచిస్తాయి. అనుమతించిన మోతాదులో వాటిని వాడడం చట్టవిరుద్ధం కాకపోయినా, అవి చేప కండలో నీటిని పట్టి ఉంచుతాయి. కాబట్టి కొనేటప్పుడు బరువు ఎక్కువగా తూగిన ముక్క వండేటప్పుడు ఆ నీటిలో కొంత వదిలేస్తుంది.

జాబితాలో చేప శాస్త్రీయ నామం ఉందో లేదో కూడా చూడండి. సాల్మో సలార్ అంటే అట్లాంటిక్ సాల్మన్, మార్కెట్లో దొరికేది దాదాపు అంతా పెంపకం చేపే, కొవ్వు బాగా ఉంటుంది. ఆంకోరింకస్ కీటా, ఆంకోరింకస్ గోర్బుషా అన్నవి పసిఫిక్ జాతులు. అవీ నిజమైన సాల్మనే, కానీ కొవ్వు తక్కువ కావడంతో కాస్త ఎక్కువసేపు వేడి తగిలితే పీచుపీచుగా ఎండిపోతాయి. ముదురు నారింజ రంగును నాణ్యతకు గుర్తుగా తీసుకోకండి. ఆ రంగు ఆస్టాక్సాంతిన్ అనే వర్ణద్రవ్యం వల్ల వస్తుంది, పెంపకం చేపలకు దానిని మేతలోనే కలుపుతారు.

ఇక వంట సూచనలు. అట్టపై రాసినట్లుగానే, గడ్డకట్టిన ముక్కలను గ్లేజ్‌తో సహా 220 డిగ్రీల ఓవెన్‌లో పెట్టాము. ఆ వేడిలో తేనె, చక్కెర ఉన్న పూత త్వరగా గోధుమరంగుకు తిరిగి, ఆపై నల్లబడి చేదెక్కుతుంది. మంచుగడ్డలా ఉన్న చేప మధ్యభాగం అప్పటికింకా కరుగుతూనే ఉంటుంది. పైగా కరిగిన నీరు ట్రేలోకి దిగి సాస్‌ను పలుచన చేయడంతో, ముక్కకు అంటుకోవలసిన మెరుపు ట్రే అడుగున మాడి అంటుకుంది. ఈ సూచనలు రాసినవారు ఆ ప్యాకెట్‌ను ఒక్కసారైనా వండి తిన్నారా అన్నది నా అనుమానం.

ఇప్పటికే కొనేసినవారు దానిని పారవేయనక్కరలేదు. ముక్కలను ముందురోజు రాత్రి ఫ్రిజ్‌లోకి మార్చండి, కానీ గాలి తీసేసి మూసిన కవరైతే దానిని తప్పనిసరిగా చింపి తెరవండి. గాలి లేని కవరులో చేప కరిగేటప్పుడు చల్లదనం చాలకపోతే, ప్రాణవాయువు అక్కరలేని బొటులినమ్ క్రిమి పెరిగి విషాన్ని తయారుచేసే ప్రమాదం ఉంది. కరిగిన తరువాత పైనున్న సాస్‌ను పూర్తిగా తుడిచి, కాగితంతో తడి అద్ది, కొంచెం నూనె రాసి కాల్చండి. ఓవెన్ 220 డిగ్రీలలో ఉంటే, రెండున్నర సెంటీమీటర్ల మందం ఉన్న ముక్కకు సుమారు పది నిమిషాలు పడుతుంది. అమెరికా ఆహార భద్రతా సూచనల ప్రకారం చేప లోపలి వేడి 63 డిగ్రీల సెల్సియస్‌కు చేరాలి. పిల్లలకు, గర్భిణులకు, వృద్ధులకు పెట్టేటప్పుడు ఈ విషయంలో సడలింపు వద్దు. ముక్క మీద తెల్లగా గడ్డకట్టినట్లు కనిపించేది చేపలోని మాంసకృత్తే. హాని లేదు గాని, అది ఎక్కువగా ఉబికితే వేడి మితిమీరిందని అర్థం.

గ్లేజ్ విడిగా చేసుకోవడానికి ఐదు నిమిషాలు చాలు. మూడు చెంచాల సోయా సాస్, రెండు చెంచాల తేనె, దంచిన వెల్లుల్లి, కొద్దిగా నిమ్మరసం కలిపి చిన్న గిన్నెలో చిక్కబడేదాకా మరిగించి, చేప దించడానికి రెండు మూడు నిమిషాల ముందు మాత్రమే పైన పూయండి. పచ్చి చేపను నానబెట్టిన సాస్‌ను బాగా మరిగించకుండా పళ్లెంలో పోసుకోవద్దు. అలెర్జీ ఉన్నవారు ఉన్న ఇంట్లో మరో జాగ్రత్త అవసరం: తయారీ గ్లేజ్‌లో సోయా, గోధుమ, నువ్వులు ఉండవచ్చు, మేము కొన్న ప్యాకెట్ ముందువైపు వాటి ప్రస్తావనే లేదు.

త్రాసు మీద ఉన్న చేప ఫొటోతో విక్రేతకు ఫిర్యాదు చేస్తే, "రుచి అన్నది ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది" అన్న జవాబు వచ్చింది. మేము అడిగింది రుచి గురించి కాదు, తూకం గురించి అని మళ్లీ రాసిన తరువాత, డబ్బుకు బదులు అక్కడే ఖర్చు పెట్టుకోవలసిన కూపన్ పంపారు. దానిని తిరస్కరించి, డబ్బే కావాలని రాశాము. ఇంకా సమాధానం రాలేదు. మీ దగ్గర ఇటువంటి ప్యాకెట్ ఉంటే తెరిచే ముందు మొత్తం బరువును, కరిగి తుడిచిన తరువాత చేప బరువును తూచి రెండింటికీ ఫొటోలు తీయండి. బ్యాచ్ సంఖ్య, వెనుకవైపు చిన్న అక్షరాలు స్పష్టంగా కనిపించేలా కవరుకు కూడా ఫొటో తీసి, డబ్బు చేతికి వచ్చేదాకా ఆ కవరును పారవేయకండి.