హైబ్రిడ్ అంటే ఏ హైబ్రిడ్? హైరైడర్, గ్రాండ్ విటారా, హోండా సిటీల మధ్య పోటీ

హైబ్రిడ్ అంటే పెట్రోల్ ఇంజన్‌కు కరెంటు మోటారు తోడైన కారు. షోరూంలో 'హైబ్రిడ్' అన్న ఆ ఒక్క మాటతో రెండు వేర్వేరు వస్తువులు అమ్ముతున్నారు. ముందు ఈ తేడా తెలియాలి. టయోటా హైరైడర్, మారుతి గ్రాండ్ విటారా రెండింటిలోనూ మైల్డ్ హైబ్రిడ్ ఉంది, స్ట్రాంగ్ హైబ్రిడ్ కూడా ఉంది. మైల్డ్‌లో ఉన్నది 1462 సీసీ ఇంజన్, దానికి బెల్టుతో కలిపిన చిన్న స్టార్టర్-జనరేటర్. అది సిగ్నల్ దగ్గర ఆగిన ఇంజన్‌ను మళ్లీ స్టార్ట్ చేస్తుంది, బయల్దేరేటప్పుడు కాస్త ఊతమిస్తుంది, అంతే. ఇంజన్ తిరగకుండా ఆ కారు ఒక్క అడుగు కూడా కదలదు. సిగ్నల్‌లో ఇంజన్ ఆగితే ఏసీ కంప్రెసర్ కూడా ఆగుతుంది, మే నెలలో అప్పుడు వచ్చేది ఫ్యాన్ గాలే. స్ట్రాంగ్ హైబ్రిడ్ ఇంజన్ ఆపి కొంత దూరం మోటారుతోనే కదలగలదు, అందులో కంప్రెసర్ కూడా కరెంటుతో నడుస్తుంది. ఇంజన్ ఆగినా చల్లదనం తగ్గదు. నగరంలో కారు నడిపేవారికి మైలేజీ అంకె కన్నా ముందు తెలిసివచ్చే సుఖం ఇదే.

స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో పోటీకి నిలిచినవి రెండు పద్ధతులు. 2022 సెప్టెంబరులో వచ్చిన హైరైడర్, గ్రాండ్ విటారా లోపల ఒకే యంత్రం: 1490 సీసీ మూడు సిలిండర్ల ఇంజన్, 80 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి శక్తి కొలత) మోటారు, రెండూ కలిపి సుమారు 115 పీఎస్. ఈ రెండూ కర్ణాటకలోని బిడదిలో టయోటా ఫ్యాక్టరీలోనే తయారవుతాయి. కాబట్టి వీటి మధ్య ఎంపిక అంటే ముఖం డిజైన్, ఫీచర్ల కూర్పు, దగ్గర్లో ఏ సర్వీస్ సెంటర్ బాగుంది అన్నవే. యంత్రంలో తేడా వెతకడం దండగ. అదే ఏడాది మేలో వచ్చిన హోండా సిటీ ఈ-హెచ్ఈవీ (సిటీ కారు హైబ్రిడ్ రూపం) మాత్రం వేరే ఆలోచన. 1498 సీసీ నాలుగు సిలిండర్ల ఇంజన్, 109 పీఎస్ మోటారు, మొత్తం 126 పీఎస్.

టయోటా పద్ధతిలో ప్లానెటరీ గేర్ అనే గేర్ల గుత్తి ఉంటుంది. దానికి ఒకవైపు ఇంజన్, ఒకవైపు జనరేటర్, ఇంకోవైపు చక్రాలు, మోటారు. ఇంజన్ శక్తి ఎప్పుడూ రెండు పాయలుగా చీలుతుంది: కొంత నేరుగా చక్రాలకు, కొంత కరెంటుగా మారి మోటారు ద్వారా మళ్లీ చక్రాలకే. అరిగిపోయే క్లచ్ లేదు, తెగే బెల్టు లేదు. పాతికేళ్లకు పైగా టయోటా హైబ్రిడ్ కారు ప్రియస్‌లో నలిగిన అమరిక ఇది, దీని బలమంతా ఆ నమ్మకంలోనే ఉంది. హోండా పద్ధతిలో ఇంజన్ చాలా సేపు చక్రాలను ముట్టుకోదు, జనరేటర్‌ను తిప్పి కరెంటు పుట్టిస్తుంది, బండిని లాగేది మోటారు. హైవే మీద వేగం నిలకడ పడ్డాక ఒక క్లచ్ కలుసుకుని ఇంజన్‌ను నేరుగా చక్రాలకు జోడిస్తుంది. ఆ క్షణంలో అది ఒకే గేరున్న మామూలు కారు. కరెంటుగా మారి మళ్లీ కదలికగా మారడంలో జరిగే నష్టం అక్కడ తప్పుతుంది.

ఈ తేడా రోడ్డు మీద స్పష్టంగా తెలుస్తుంది. హోండా సిటీలో మోటారు టార్క్ (చక్రాలను తిప్పే బలం) 253 న్యూటన్ మీటర్లు. 60 నుంచి 100కు అందుకునేటప్పుడు లారీని దాటడం నిశ్చింతగా సాగుతుంది. హైరైడర్‌లో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఇంజన్ శబ్దం ముందు వస్తుంది, వేగం తర్వాత వస్తుంది. మూడు సిలిండర్ల గరగర కూడా తెలుస్తుంది. నలుగురు మనుషులు, సామాను, ఏసీతో ఘాట్ ఎక్కితే ఇది ఇంకా బయటపడుతుంది. కానీ కూకట్‌పల్లి, అమీర్‌పేట రద్దీలో 40 లోపు వేగంతో పాకుతున్నప్పుడు రెండూ నిశ్శబ్దంగానే నడుస్తాయి. అక్కడ హైరైడర్ ఎత్తు, స్పీడ్ బ్రేకర్ల మీద అడుగు తగలకపోవడం సిటీకి లేని లాభాలు.

ఇక చిన్న, చౌక హైబ్రిడ్‌లు మనకెందుకు లేవన్న సంగతి. జపాన్‌లో ఈ పోరు ధర మీద మొదలై చిన్న కార్ల దాకా వెళ్లింది. 2009 ఫిబ్రవరిలో హోండా 18.9 లక్షల యెన్లకు ఇన్‌సైట్ హైబ్రిడ్ తెస్తే, టయోటా మేలో కొత్త ప్రియస్‌ను 20.5 లక్షలకే దించింది, పైగా పాత ప్రియస్‌ను సరిగ్గా 18.9 లక్షలకు నిలబెట్టింది. 2010లో హోండా ఫిట్ హైబ్రిడ్‌ను 15.9 లక్షలకు తెచ్చింది. 2011 చివర్లో టయోటా ఆక్వాతో జవాబిచ్చింది. 2016లో నిస్సాన్ నోట్ ఈ-పవర్ వచ్చి, ఇంజన్ చక్రాలకు అసలు కలవని మూడో దారి తీసింది. ఆ చౌక కార్లు మన దగ్గరికి ఎందుకు రాలేదో పన్ను నిబంధన చదివితే అర్థమవుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి పెట్రోల్ హైబ్రిడ్‌కు 18 శాతం జీఎస్టీ దక్కాలంటే పొడవు 4 మీటర్లు, ఇంజన్ 1200 సీసీ దాటకూడదు. దాటితే 40 శాతం. బ్యాటరీ కారుకు మాత్రం 5 శాతమే. మొదటి ఆక్వా పొడవు 3,995 మిల్లీమీటర్లు, కానీ ఇంజన్ 1.5 లీటర్లు. నోట్ ఇంజన్ 1198 సీసీ, కానీ పొడవు 4.1 మీటర్లు. ఒకటి ఒక గీత దగ్గర, రెండోది ఇంకో గీత దగ్గర ఆగిపోయాయి. రెండు గీతల లోపల ఇమిడే స్ట్రాంగ్ హైబ్రిడ్‌ను మన మార్కెట్ కోసం ప్రత్యేకంగా తయారు చేయాల్సిందే. ఆ పని జరిగే దాకా మనకు దొరికేవి 40 శాతం కట్టే కార్లే. ఇంధనం ఇంతగా ఆదా చేసే వాహనానికి ఈ పన్ను చాలా ఎక్కువ. ఉత్తరప్రదేశ్ 2024 జులైలో స్ట్రాంగ్ హైబ్రిడ్లకు రిజిస్ట్రేషన్ పన్ను తీసేసింది. మన రెండు రాష్ట్రాల్లో కొనేవారు లైఫ్ ట్యాక్స్ ఎంతో కొటేషన్‌లో విడిగా రాయించుకోవాలి.

అదనంగా పెట్టిన డబ్బు తిరిగొస్తుందా? అధికారిక పరీక్షలో హైరైడర్ స్ట్రాంగ్ హైబ్రిడ్ అంకె లీటరుకు 27.97 కిలోమీటర్లు, సిటీది మొదట 26.5. రోడ్డు మీద లెక్క వేరు. నగరంలో స్ట్రాంగ్ 22, మైల్డ్ ఆటోమేటిక్ 12 ఇస్తాయనుకోండి. వెయ్యి కిలోమీటర్లకు 45.5 లీటర్లు, 83 లీటర్లు. లీటరు 107 రూపాయల చొప్పున సుమారు 4,000 మిగులు. ధరలో తేడా రెండున్నర లక్షలైతే 62 వేల కిలోమీటర్లకు డబ్బు తిరిగొస్తుంది. అదే హైవే మీద స్ట్రాంగ్ 21, మైల్డ్ 17 ఇస్తే మిగులు 1,200 మాత్రమే, రెండు లక్షల కిలోమీటర్లు దాటాలి. కారణం సులువు. హైబ్రిడ్ సంపాదన బ్రేకు వేసినప్పుడు, ఇంజన్ ఆపినప్పుడు. విజయవాడ హైవేలో 100 మీద గంటల తరబడి పోతుంటే ఆ రెండూ జరగవు. నెలకు 800 కిలోమీటర్లు, అందులో ఎక్కువ హైవే తిరిగే ఇంటికి స్ట్రాంగ్ హైబ్రిడ్ లెక్క కుదరదు. రోజూ నలభై కిలోమీటర్లు ట్రాఫిక్‌లో తిరిగే వారికి బాగా కుదురుతుంది.

డిక్కీ దగ్గర రెండు కంపెనీలూ రాజీపడ్డాయి. సిటీ పెట్రోల్‌లో 506 లీటర్ల చోటు హైబ్రిడ్‌లో 306కు పడిపోయింది. గ్రాండ్ విటారాలో 373 నుంచి 265కు తగ్గింది, అడుగు కూడా ఎత్తుగా ఉంటుంది. పండక్కి ఊరెళ్లే కుటుంబం తమ పెద్ద సూట్‌కేసును షోరూంకు తీసుకెళ్లి పెట్టి చూడాలి.

హైబ్రిడ్ బ్యాటరీ గురించి భయం ఎక్కువ, నిజానికి అందరికీ తలనొప్పి తెచ్చేది మామూలు 12 వోల్టుల బ్యాటరీ. హైబ్రిడ్ బ్యాటరీకి ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఉంది. హైరైడర్, గ్రాండ్ విటారాలో దాని సామర్థ్యం 0.76 కిలోవాట్ అవర్ మాత్రమే, ఇంజన్ లేకుండా ఒక్క ఊపున రెండు మూడు కిలోమీటర్లకు మించి లాగదు. కంప్యూటర్ దాన్ని పూర్తిగా నింపదు, పూర్తిగా ఖాళీ కానివ్వదు, అందుకే ఎక్కువ కాలం నిలుస్తుంది. అయితే పెద్ద (హైబ్రిడ్) బ్యాటరీని కలిపే రిలేలు, అంటే కరెంటు స్విచ్‌లు, మూసుకోవడానికి 12 వోల్టులు కావాలి. మూడు నాలుగు వారాలు బండి కదలకపోతే చిన్న బ్యాటరీ దిగిపోతుంది, పెద్దది నిండుగా ఉన్నా బండి లేవదు. వారానికోసారి అరగంట 'రెడీ' దీపం వెలిగేలా ఆన్‌లో ఉంచాలి. రెడీ దీపం లేకుండా మ్యూజిక్ పెట్టుకుని కూర్చుంటే చిన్న బ్యాటరీయే ఖర్చవుతుంది. ఇంకో కారును స్టార్ట్ చేయడానికి దీని నుంచి జంపర్ కేబుల్ ఇవ్వకూడదు.

పెద్ద బ్యాటరీ క్యాబిన్ గాలితోనే చల్లబడుతుంది. వెనక సీటు వైపున్న జాలీకి బ్యాగులు, దుప్పట్లు అడ్డం పెడితే బ్యాటరీ వేడెక్కి, కంప్యూటర్ మోటారు సాయం తగ్గిస్తుంది, మైలేజీ పడిపోతుంది. దుమ్ము రోడ్ల మీద తిరిగే బండికి ఆ జాలీ ఫిల్టర్‌ను ప్రతి సర్వీస్‌లోనూ శుభ్రం చేయమని జాబ్ కార్డులో రాయించాలి. బానెట్ కింద ఇంజన్ కూలెంట్‌తో పాటు ఇన్వర్టర్ (బ్యాటరీ కరెంటును మోటారుకు తగినట్టు మార్చే పెట్టె) కూలెంట్‌కు వేరే డబ్బా ఉంటుంది, దాని మట్టం కూడా చూడాలి. నారింజ రంగు వైర్లను బయటి మెకానిక్ ముట్టుకోకూడదు.

తిరుమల, అరకు ఘాట్లు దిగేటప్పుడు గేర్ లివర్ మీదున్న 'బి' మోడ్ వాడాలి. కొంత దిగేసరికే హైబ్రిడ్ బ్యాటరీ నిండిపోతుంది, ఆపైన కరెంటు పట్టే చోటు ఉండదు. 'బి'లో ఇంజన్ ఒట్టిగా తిరుగుతూ వేగాన్ని అదుపులో ఉంచుతుంది. అప్పుడు వచ్చే ఇంజన్ మోత చెడిపోయినందువల్ల కాదు, అది చేయాల్సిన పనే. బండి దారిలో ఆగిపోతే మాత్రం ముందు చక్రాలు నేల మీద ఉంచి లాగించకండి. ఆ చక్రాలు తిరిగితే మోటారు కరెంటు పుట్టిస్తుంది, లోపలి భాగాలు పాడవుతాయి. ఫోన్ చేసేటప్పుడే ఫ్లాట్‌బెడ్ బండి పంపమని అడగాలి.