పంచాయతీ లెక్కలు: ఈ-గ్రామ్‌స్వరాజ్ చూడాలా, ఆర్టీఐ పెట్టాలా?

మీ వీధి సిమెంటు రోడ్డు లెక్క కావాలంటే ముందు కేంద్రం పంచాయతీల లెక్కలు పెట్టే వెబ్‌సైటు ఈ-గ్రామ్‌స్వరాజ్ తెరవండి. 2020 ఏప్రిల్ 24న మొదలైన ఈ పోర్టల్‌లో ఆర్థిక సంవత్సరం, జిల్లా, మండలం, పంచాయతీ ఎంచుకుంటే ఆర్థిక సంఘం నిధుల పనులు, చెల్లింపులు కనిపిస్తాయి. చూసిందెవరో ఊళ్లో తెలియదు. కూలి పనికీ, పింఛనుకూ సర్పంచ్ వర్గం దయ మీద బతికేవాళ్లకు అది పెద్ద రక్షణ.

అయితే పోర్టల్ ప్రధానంగా చెప్పేది డబ్బు కదిలిందనే. పని పేరు ‘సీసీ రోడ్డు’ అని వదిలేస్తే ఏ వీధిదో తేలదు. ఖాళీ కనిపిస్తే వెంటనే తిన్నారనుకోవద్దు: తెలంగాణలో 2024 ఫిబ్రవరిలో సర్పంచుల పదవీకాలం ముగిసి, ఎన్నికలు వాయిదా పడటంతో ఆ నిధులే ఆగిపోయాయి.

రోడ్డు పొడవు, మందం ఎం-బుక్‌లో (పని కొలతలు రాసే పుస్తకం) ఉంటాయి. దానికి దారి ఆర్టీఐ, అంటే సమాచార హక్కు చట్టం. ఆ చట్టం సెక్షన్ 6(1) కింద పంచాయతీ కార్యదర్శికి రాయండి; గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. ‘పూర్తి వివరాలు’ అని అడిగితే తప్పించుకుంటారు. పోర్టల్‌లోని వోచర్ నంబరు, తేదీ వేసి ఎం-బుక్, అంచనా, బిల్లు నకళ్లు అడగండి. రికార్డు ఇంజినీరింగ్ విభాగంలో ఉంటే 5 రోజుల్లో దరఖాస్తును అక్కడికి పంపాల్సింది కార్యదర్శే. 30 రోజుల్లో జవాబు రాకపోతే, ఆ తర్వాత 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వేయాలి.

చిక్కల్లా దరఖాస్తులో రాసే మీ పేరు దగ్గరే. సాయంత్రానికల్లా సర్పంచ్ వర్గం వాళ్లు ‘ఎందుకు పెట్టావు?’ అని ఇంటికొస్తారు. కారణం చెప్పనక్కర్లేదని సెక్షన్ 6(2) అంటుంది. ఒంటరిగా కాక, వేర్వేరు వాడల నుంచి నలుగురు విడివిడిగా, స్పీడ్ పోస్టులో పంపండి.