జనరేటరు మీద అంటించిన ‘5 కేవీఏ’ను నమ్మి డబ్బు కట్టకండి: పర్లాకిమిడి, బరంపురం వైపు వారికి హెచ్చరిక

అక్టోబరుకు ముందే ఇంటికి జనరేటరు కొనాలనుకునేవారు ఇది చదివాక దుకాణానికి వెళ్లండి. ఒడిశాలోని గజపతి, గంజాం జిల్లాల వారికి ఆ నెల సంగతి కొత్తగా చెప్పనవసరం లేదు. 2013లో ఫైలిన్ తుపాను, 2014లో హుద్‌హుద్ 12వ తేదీనే తీరం దాటాయి. 2018లో తిత్లీ 11న. మన భయం మనకన్నా వ్యాపారులకే బాగా తెలుసు.

సరిహద్దు దాటి ఆంధ్రా వైపు ఒక దుకాణంలో పెట్రోలు జనరేటరు కొన్నాం. పక్కన పెద్ద అక్షరాలతో 5 కేవీఏ, అంటే అది ఇవ్వగల కరెంటు సామర్థ్యం. ఒక హెచ్‌పీ బోరు మోటారు, ఫ్రిజ్, ఫ్యాన్లు అన్నీ హాయిగా లాగుతుందని దుకాణదారు అన్నాడు. ఇంట్లో ఫ్యాన్లు తిరిగాయి, లైట్లు వెలిగాయి. మోటారు స్విచ్ వేయగానే ఇంజను మూలిగింది, లైట్లు మసకబారాయి, బ్రేకరు పడిపోయింది. ఫోను చేస్తే, “మీ మోటారు పాతదండీ, మార్చుకోండి” అన్నాడు. అదే మోటారు పక్కింటివారి జనరేటరుకు కలిపితే వెంటనే తిరిగింది.

గుట్టు ఇంజను మీదే ఉంది. మెకానిక్ మసి తుడిచి చూపించాడు: 208 సీసీ (అంటే సిలిండరు పరిమాణం). 5 కేవీఏ ఇవ్వాలంటే సుమారు 400 సీసీ ఇంజను ఉండాలి. మన 50 హెర్ట్జ్ కరెంటు కోసం ఇవి నిమిషానికి 3000 చుట్లు తిరుగుతాయి. ఆ వేగంలో 200 సీసీ ఇంజను నిలకడగా ఇచ్చేది రెండున్నర కిలోవాట్లు, మహా అయితే మూడు. ఒక హెచ్‌పీ అంటే 746 వాట్లే కదా అనిపిస్తుంది; కానీ మోటారు మొదలయ్యే క్షణంలో మామూలు కంటే అయిదారు రెట్లు కరెంటు లాగుతుంది. స్టిక్కరు ఎవరైనా అచ్చు వేయించవచ్చు, సిలిండరును ఊది పెద్దది చేయలేరు కదా! ‘పూర్తి రాగి’ అని చెప్పిన వైండింగు (లోపలి తీగ చుట్టలు) కూడా విప్పి చూస్తే అల్యూమినియమే.

అందుకే ముందు సీసీ చూడండి. దుకాణంలోనే మోటారు లోడు పెట్టి నడిపించమనండి. ఫ్యాను తిప్పి చూపిస్తే ఒప్పుకోకండి.

ఆ తర్వాత మొదలయ్యాయి అసలు తిప్పలు. ఒడిశా సర్వీసు సెంటరు “ఇది ఆంధ్రా బిల్లు” అంటుంది, దుకాణం “మీ ఊరు మా పరిధి కాదు” అంటుంది. ఈ మాటలకు బెదరకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. వస్తువు ధర 5 లక్షల లోపయితే రుసుము లేదు. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసినా దారి చెబుతారు.

ఇప్పటికే కొన్నవారికి రెండు మాటలు. వానకు తడుస్తుందని జనరేటరును వరండాలోకో గదిలోకో తేకండి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. చేంజోవర్ స్విచ్ (బయటి లైనును, జనరేటరును కలవకుండా వేరుచేసేది) లేకుండా ప్లగ్గులోంచి ఇంటికి కరెంటు ఎక్కించకండి, స్తంభం మీద పనిచేసే లైన్‌మన్‌కు అది తగులుతుంది. తుపాను వెళ్లాక ట్యాంకు ఖాళీ చేయండి. పెట్రోలులో కలిపే ఇథనాలు తేమ పీల్చి కార్బురేటరును పాడుచేస్తుంది.

ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి దుకాణం పేరు రాయడం లేదు. ఏ దుకాణమైనా సరే, ఇంజను ఎన్ని సీసీలో, నిలకడగా ఎన్ని కిలోవాట్లు ఇస్తుందో బిల్లు మీదే రాసి సంతకం పెట్టమనండి. మా బంధువు ఒకరు అదే దుకాణానికి వెళ్లి ఇలా అడిగితే, సరుకు అయిపోయిందన్నారట.