ఇంగ్లండ్ పల్లెలో పాత ఇల్లు కొంటున్నారా? ఒప్పందం ఖరారయ్యే ఎక్స్‌ఛేంజ్‌కి ముందు ఇది చదవండి

ఇంగ్లండ్‌లో పాత ఇళ్లు చూస్తున్న మనవాళ్లు, ముఖ్యంగా లిస్టెడ్ బిల్డింగ్ (చారిత్రక కట్టడంగా చట్టం కాపాడే ఇల్లు) చూస్తున్నవాళ్లు, దయచేసి ఇది పూర్తిగా చదవండి. మేం తొందరపడ్డందుకు 49 వేల పౌండ్ల లెక్క తేలింది. పని ఇంకా మొదలే కాలేదు.

ఊరు సఫోక్‌లో, లావెన్‌హామ్‌కి దగ్గర. ఒకప్పుడు ఉన్ని బట్టల వ్యాపారంతో బాగా బతికిన ప్రాంతం. ఓక్ దూలాల చట్రంతో కట్టి, గులాబీరంగు సున్నం వేసిన 500 ఏళ్ల నాటి ఇళ్లు వీధి పొడవునా ఉంటాయి. మాకు నచ్చిన ఇంట్లో నాలుగు బెడ్‌రూములు, వెనక యాపిల్ చెట్లు. పిల్లలిద్దరికీ చెరో గది, అమ్మానాన్న వస్తే కింద ఇంకో గది. అమ్మ వీడియో కాల్‌లో దూలాలు చూసి "అచ్చం తాతయ్య వాళ్ల మండువా ఇల్లులా ఉందిరా" అంది. ఇక వేరే ఇల్లు చూడలేదు.

గ్రేడ్ 2 లిస్టెడ్ అని ప్రకటనలోనే రాశారు. వీధివైపు గోడ మార్చకూడదు, అంతే అనుకున్నాం. అది తప్పు. ఇల్లు మొత్తం, లోపలా బయటా, లిస్టింగ్ కిందికి వస్తుంది. 1948 జులై 1కి ముందు నుంచీ ఆవరణలో ఉన్న షెడ్డు, ప్రహరీ కూడా మామూలుగా అందులోకే వస్తాయి. ఇంటి రూపం మారే పని ఏది చేయాలన్నా కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వం) కన్సెంట్, అంటే అనుమతి, కావాలి. లేకుండా చేయడం 1990 నాటి చట్టం ప్రకారం నేరం. చేసినవాళ్లు ఇల్లు అమ్ముకుని వెళ్లిపోయినా, సరిచేయమనే నోటీసు ఇప్పటి ఓనర్‌కి ఇవ్వొచ్చు. ఇన్నేళ్లు గడిస్తే అడగరు అనే గడువు కూడా లేదు.

చేరిన ఆర్నెల్లకు చలి తట్టుకోలేక, ముందువైపు కిటికీలకు లోపల ఇంకో అద్దం పెట్టుకోవచ్చా అని కౌన్సిల్‌ని అడిగాం. పాత కట్టడాలు చూసే ఆఫీసర్ వచ్చారు. చాలా మర్యాదగా మాట్లాడారు. ముందు కిటికీలు చూసుకుని వెనక్కి వెళ్లి, వంటగది దగ్గర ఆగిపోయారు. వెనకవైపు ఐదు కిటికీలూ ప్లాస్టిక్‌వి. డబుల్ గ్లేజింగ్‌లో రెండు అద్దాల మధ్య వెండిరంగు పట్టీ ఉంటుంది కదా, దాని మీద చిన్న అంకెల్లో 2016 అని అచ్చయి ఉంది. రోజూ ఆ కిటికీ ముందే గిన్నెలు కడుగుతున్నాం, ఒక్కరోజూ కంటపడలేదు.

తర్వాత ఆవిడ గోడ అడుగున వేళ్లతో తట్టారు. డొల్ల మోత. పాత సున్నం గీకేసి సిమెంట్ పూశారట. గోడలోకి చేరిన తడి సున్నం పూతలోంచి ఆరిపోతుంది, సిమెంట్‌లోంచి ఆరదు. పెచ్చు ఊడిన ఒక చోట చూపించి నొక్కమన్నారు. నొక్కితే ఓక్ దూలంలోకి నా బొటనవేలు గోరు మొత్తం దిగిపోయింది. తడిసిన కొబ్బరిపీచులా ఉంది. ఆ రాత్రి ఇద్దరం నిద్రపోలేదు.

ఐదు కిటికీలు చెక్కతో చేయించడానికి 14 వేలు. సిమెంట్ తీసి, దూలం బాగుచేసి, మళ్లీ సున్నం పూయడానికి 27 వేలు. పైన 20 శాతం వ్యాట్.

అమ్మినాయన 2013లో కొన్నట్టు ల్యాండ్ రిజిస్ట్రీ కాగితాల్లో ఉంది. కిటికీలు 2016వి. అయినా, ఎవరు ఎప్పుడు మార్చారని అమ్మేవాళ్లు నింపే ఫారంలో అడిగితే 'తెలియదు' అని రాశారు. దాని మీద లాయర్‌తో మాట్లాడుతున్నాం.

కానీ నన్ను ఎక్కువ బాధపెట్టేది వేరే. ఇంటి కొనుగోలు చూసే లాయర్, అంటే మా సొలిసిటర్, కాగితాలు చూశారు, ఇంటికి రాలేదు. ఇంటి పరిస్థితి పరీక్షించే సర్వేయర్ ఇంటికి వచ్చారు, కౌన్సిల్ ఫైలు చూడలేదు. రెండూ పక్కపక్కన పెట్టి చూడగలిగింది మేం మాత్రమే, మేం చూడలేదు. పైగా ఆరేడు వందల పౌండ్లు మిగులుతాయని, లోతుగా పరీక్షించే లెవెల్ 3 బదులు పైపైన చూసే లెవెల్ 2 సర్వే చేయించాం. ఇంత పాత ఇంటికి లెవెల్ 3 తప్ప వేరేది తీసుకోకండి. అది కూడా సున్నం, ఓక్ పని తెలిసిన సర్వేయర్‌తోనే. లోన్ కోసం బ్యాంకు చేయించే వాల్యుయేషన్ (ధర అంచనా) మనకోసం చేసే సర్వే కాదు.

ఇంకొకటి. ఎక్స్‌ఛేంజ్‌కి వారం ముందు, వెనక కిటికీలకు కన్సెంట్ కాగితాలు దొరకడం లేదు కాబట్టి అమ్మేవాళ్లే ఇండెమ్నిటీ పాలసీ (కౌన్సిల్ చర్య తీసుకుంటే నష్టం భరించే బీమా) కొనిస్తారని మెయిల్ వచ్చింది. మంచివాళ్లు అనుకున్నాం. ఈ విషయంలో కౌన్సిల్‌ని సంప్రదిస్తే పాలసీ చెల్లదని అందులోనే షరతు ఉంది. ఆ పేజీ చదవకుండానే మేం కౌన్సిల్‌ని ఇంటికి పిలిచాం. చెల్లినా అది కుళ్లిన దూలానికి డబ్బు ఇవ్వదు. మీ మెయిల్లో ఇండెమ్నిటీ అనే మాట కనిపిస్తే సంతకం ఆపి, ఏం పని చేశారు, ఎప్పుడు చేశారు అని రాతపూర్వకంగా అడగండి. ఇంగ్లండ్‌లో ఎక్స్‌ఛేంజ్ అయ్యేదాకా వెనక్కి తగ్గొచ్చు. ఫీజులు పోతాయి, అంతే.

ఇల్లు చూడ్డానికి వెళ్లేముందు హిస్టారిక్ ఇంగ్లండ్ అనే సంస్థ ఉంచే లిస్టెడ్ కట్టడాల జాబితాలో ఆ ఇంటి వివరాలు ఉచితంగా చూసుకోవచ్చు. కౌన్సిల్ సైట్‌లో అడ్రస్ కొడితే పాత అప్లికేషన్లు వస్తాయి. ఆ ప్రింట్ చేత్తో పట్టుకుని ఇంటి చుట్టూ తిరగండి. డ్రైనేజీ లైన్ లేకుండా సెప్టిక్ ట్యాంక్ ఉంటే, నీళ్లు ఎక్కడికి పోతున్నాయో అడగండి. వాగులోకో కాలువలోకో నేరుగా వదలడం 2020 జనవరి 1 నుంచి కుదరదు.

అమ్మేవాళ్లను అడగాల్సిన ప్రశ్నలన్నీ ఇప్పుడు ఒక మెయిల్‌గా రాసి పెట్టుకున్నాను. ఎవరికైనా కావాలంటే అడగండి, అదే రోజు పంపిస్తాను.