శిక్ష నిలుపుదలా, దోష నిర్ధారణపై స్టేనా?

అప్పీలు వేసి బెయిలు తెచ్చుకోగానే "కేసు కొట్టేశారట" అనుకుంటారు జనం. కాదు. క్రిమినల్ కేసుల విచారణ పద్ధతి చెప్పే చట్టంలో, అంటే పాత సీఆర్‌పీసీలో 389, దాని స్థానంలో వచ్చిన ఇప్పటి బీఎన్‌ఎస్‌ఎస్‌లో 430 సెక్షన్ కింద శిక్ష అమలు ఆగితే మనిషి జైలు బయట ఉంటాడు, అంతే. దోషి అన్న ముద్ర అలాగే ఉంటుంది. తక్కువ శిక్షలకు ఇది తేలిగ్గానే దొరుకుతుంది.

దోష నిర్ధారణపై స్టే, అంటే దోషి అన్న తీర్పునే అప్పీలు తేలేదాకా ఆపడం, అరుదు. ఇవ్వకపోతే కోలుకోలేని నష్టమేమిటో లాయరు విడమరిచి చెప్పాలి. రాహుల్ గాంధీ కేసే చూడండి. 2023 మార్చి 23న సూరత్ కోర్టు రెండేళ్ల శిక్ష వేసి, అమలును తానే 30 రోజులు ఆపింది. అయినా దోషి అన్న ముద్ర అలాగే ఉండటంతో మర్నాడే ఎంపీ సభ్యత్వం రద్దయినట్టు నోటిఫికేషన్ వచ్చేసింది! ఆగస్టు 4న సుప్రీంకోర్టు దోష నిర్ధారణపైనే స్టే ఇచ్చాక గానీ అది తిరిగి రాలేదు. పదవో ఉద్యోగమో పోయేలా ఉంటే, నన్నడిగితే, రెండూ కలిపే అడగాలి.