నల్లగొండలో రెండు రోజుల ప్రాజెక్టు ప్రపోజల్ ట్రైనింగ్: 1,500 పెట్టొచ్చా?

ముందే చెప్తున్నా, ట్రైనింగ్ పెట్టిన సంస్థ పేరు రాయట్లేదు. కింద పొగిడేదీ ఉంది, తిట్టేదీ ఉంది, తిట్టింది పట్టుకుని ఎవరో ఫోన్ చేస్తే ఆ టెన్షన్ నాకెందుకు. గడియారం సెంటర్ నుంచి నడిచి పోయేంత దూరంలో ఒక హాల్లో శని, ఆదివారాలు పెట్టారు. ఈ వైపు సంఘాల్లో తిరిగేవాళ్ళకి ఎవరిదో ఈపాటికే తెలిసిపోయి ఉంటుంది.

మాది మునుగోడు వైపు ఊరు. ఊరి కుంట కింద 38 ఎకరాల ఆయకట్టు ఉంది, వాగు నుంచి కుంటలోకి నీళ్ళు తెచ్చే కాలువ 1,400 మీటర్లు, అందులో నీళ్ళకంటే సర్కారు తుమ్మ ఎక్కువ. కుంటలో పూడిక అప్పుడొకసారి తీశారు కానీ కాలువ జోలికి ఎవరూ పోలేదు, దాంతో ఎంత వాన పడ్డా వాగు వాగులాగే పోతుంది, కుంట కుంటలాగే ఎండుతుంది. ఇది బాగు చేయించాలని మా యువజన సంఘం ఏదైనా కంపెనీ సీఎస్‌ఆర్ పైసల (కంపెనీలు లాభంలోంచి సమాజం పనులకి ఇచ్చేవి) కోసం తిరిగింది. ఎవరో చెబితే హైదరాబాద్‌లో ఒక కన్సల్టెంట్‌ని పట్టుకున్నాం, 12,000 తీసుకుని 32 పేజీల ప్రపోజల్ ఇంగ్లీషులో రాసిచ్చాడు, స్పైరల్ బైండింగ్ కూడా చేశాడు. మూడు కంపెనీలకు పంపితే రెండింటి నుంచి జవాబే లేదు, మూడోది ఒక్క లైన్‌లో వద్దంది. ఆ కోపంలో ఉన్నప్పుడు ఈ ట్రైనింగ్ మెసేజ్ వాట్సాప్‌లో వచ్చింది. పాత ప్రపోజల్ ఉంటే ముందే పంపండి అన్నారు, పంపాం. నేను, మా కోశాధికారి ఇద్దరం పోయాం.

మొదటి రోజు పొద్దున వృథా. పదింటికి అన్నది పదకొండుంబావుకి మొదలైంది, ముఖ్య అతిథి వచ్చే దాకా ఆగాలట. ఆయన వచ్చి సమాజసేవ గురించి నలభై నిమిషాలు మాట్లాడి పోయాడు. తర్వాత లాగ్‌ఫ్రేమ్ (పని, లక్ష్యం, కొలత ఒక పట్టికలో పెట్టే పద్ధతి) మీద ఇంగ్లీషు స్లైడ్లు, హాల్లో ఉన్న యాభై మందిలో అవి చదివి అర్థం చేసుకునేవాళ్ళు పది మంది ఉంటే గొప్ప. నా పక్కన కూర్చున్న దేవరకొండ తండా అక్క ఒకామె పుస్తకంలో ముగ్గు వేసుకుంటూ కూర్చుంది, చాలా మంచి ముగ్గు.

మధ్యాహ్నం భోజనం మాత్రం పేరు పెట్టడానికి లేదు. బగారన్నం, చికెన్, తినని వాళ్ళకి పప్పుచారు, వంకాయ. దీనికి ఫుల్ మార్కులు.

అసలు పని భోజనం తర్వాత మొదలైంది. యాభై ఏళ్ళ మేడం ఒకావిడ మైకు పక్కన పెట్టి, స్లైడ్లు ఆపేయించి, ఒక్కో టేబుల్‌కి ఏడేసి కాగితాలు పంచింది. ఏడూ తెలుగులో, ఒక్కోటి ఒకే పేజీ, ఊరి పేర్లు కొట్టేసి ఉన్నాయి. "మీరే కంపెనీ వాళ్ళు అనుకోండి. మీ దగ్గర పది లక్షలే ఉన్నయి, ఇద్దరికే ఇస్తరు, పది నిమిషాలు టైం" అంది. మేం కూర్చుని చకచకా తీసేయడం మొదలుపెట్టాం. అందరికంటే ముందు నేను తీసి పక్కన పడేసిన కాగితంలో ఫ్లోరైడ్ బాధ గురించి అర పేజీ ఉంది, కింద ఎక్కడో కాలువ గురించి రెండు లైన్లు ఉన్నాయి, లబ్ధిదారుల దగ్గర "తుపాను బాధిత మత్స్యకార కుటుంబాలు" అని ఉంది. నల్లగొండలో తుపాను బాధితులేంటి అని నేనే గట్టిగా నవ్వాను. మేడం వచ్చి "ఇది ఎవరిది?" అంది, ఎవరూ చెయ్యెత్తలేదు. మా కోశాధికారి నా మోకాలు గిల్లాడు. అది మాదే. కన్సల్టెంట్ ఏదో కోస్తా జిల్లా కాగితం మీద మా ఊరి పేరు అతికించి ఇచ్చాడు, 12,000 పోసి కొన్న ఆ 32 పేజీలు మేం ఒక్కసారి కూడా పూర్తిగా చదవలేదు. మేం ముందే పంపినదాన్ని వాళ్ళు తెలుగులో ఒక పేజీకి కుదిస్తే గానీ మా సరుకేంటో మాకు తెలియలేదు. సిగ్గుతో చచ్చాను కానీ, 1,500లో వెయ్యి ఆ పది నిమిషాలకే చెల్లు.

ఫ్లోరైడ్ గురించి ఆవిడ అడిగింది ఇంకా గుర్తుంది. "ఈ జిల్లా నుంచి వచ్చే ప్రతి కాగితం ఫ్లోరైడ్‌తోనే మొదలైతది. మీ ఊరి బోరులో లీటరుకి ఎన్ని మిల్లీగ్రాములుంది? 1.5 దాటొద్దంటరు, మీది ఎంత? మీ కాలువకి దానికి ఏం సంబంధం?" నా దగ్గర జవాబు లేదు. ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంతా మా జిల్లా పేరే పెట్టుకుని పిలుస్తుంది, నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్ళు పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో చేసిన నల్లగొండ టెక్నిక్, అంత పేరున్న బాధ కాబట్టి అది రాస్తే చాలు పైసలొస్తాయనుకున్నాం. మా బాధ కుంట నిండకపోవడం. దాని గురించి ఒక్క లెక్క కూడా రాయలేదు.

రెండో రోజంతా లెక్కలే. మొదటి రోజు స్లైడ్లలో అర్థం కాని "ఇండికేటర్" అనే మాటని ఈవిడ ఒక్క ప్రశ్నతో తేల్చేసింది: గత ఐదేళ్ళలో మీ కుంట ఎన్నిసార్లు అలుగు పోసింది? ఒక్కసారి అన్నాం. అదే రాయండి, పని అయ్యాక రెండు వానాకాలాలు చూసి మళ్ళీ అదే రాయండి, కుంట కింద పాత బావుల్లో తాడుకి రాయి కట్టి దింపి వేసవిలో నీళ్ళెంత లోతులో ఉన్నాయో కొలవండి, అంతే అంది. బడ్జెట్‌లో "ఇతర ఖర్చులు 50,000" అని రాసిన వాళ్ళందరివీ నిలబెట్టి కొట్టేయించింది. ప్రతి లైన్‌కి ఎన్ని, ఒక్కోటి ఎంత అని ఉండాలి. మాది జేసీబీ 70 గంటలు, గంటకి 1,300, మొత్తం 91,000, ఇద్దరు జేసీబీ ఓనర్ల కొటేషన్లు వెనక జత. తీసిన మట్టి రైతులు సొంత ట్రాక్టర్లతో పొలాలకి తోలుకుంటామన్నారు కదా, దాన్నెందుకు వదిలేశారని అడిగింది. ట్రిప్పుకి 350 చొప్పున 640 ట్రిప్పులు, 2,24,000 అయింది, అది ఊరి వాటా కింద రాసుకున్నాం. మేం ఎప్పుడూ దాన్ని పైసల కింద చూడలేదు.

"కంపెనీ వాళ్ళు ఫొటో దిగి పోయినంక తుమ్మ మళ్ళ మొలిస్తే ఎవరు కొడతరు?" అన్నదానికి మేం ఊరికి తిరిగొచ్చాక గాని జవాబు దొరకలేదు. ఎకరానికి ఏడాదికి 300 అని ఆయకట్టు రైతులతో తీర్మానం రాయించాం, 11,400 వస్తుంది, ఏటా ఎనిమిది గంటల జేసీబీకి సరిపోతుంది. ఆ సంతకాల కోసం ముగ్గురు రైతుల చుట్టూ నెల తిరిగాం, అది వేరే కథ.

ఇంకో విషయం, ఇది తెలియక చాలా సంఘాలు ఏళ్ళు పోగొట్టుకుంటున్నాయి. కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద పెద్ద కంపెనీలు గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం ఇలాంటి పనులకి పెట్టాలి, తమ చుట్టుపక్కల ప్రాంతానికి ముందు చూడాలి. అందుకే మేడం చౌటుప్పల్ వైపు మందుల కంపెనీలు, మేళ్ళచెరువు వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, పాలమూరు వాళ్ళయితే పోలేపల్లి సెజ్ చూసుకోమంది, బెంగళూరు, ముంబై తర్వాత. కానీ ఆ పైసలు తీసుకోవాలంటే సంఘానికి ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్లు ఉండాలి, 2021 ఏప్రిల్ నుంచి కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్‌ఆర్-1 నమోదు కావాలి, అలాంటి పనుల్లో మూడేళ్ళ అనుభవం చూపాలి. మాది ఏడుగురితో సొసైటీ రిజిస్ట్రేషన్ అయ్యి రెండేళ్ళే. అంటే మేం పంపిన మూడు కంపెనీలూ లోపల ఏముందో చూడక ముందే పక్కన పెట్టి ఉంటాయి. 12,000 తీసుకున్నాయన ఈ ముక్క చెప్పలేదు! చివరికి దేవరకొండ వైపు అన్ని కాగితాలూ ఉన్న ఒక పాత సంస్థతో కలిసాం, అప్లికేషన్ వాళ్ళ పేరు మీద, పని దగ్గర మేం, మధ్యలో బాండు పేపర్ మీద ఒప్పందం. ఆ సంస్థ తెలిసింది కూడా ముగ్గు వేసిన అక్క వల్లే.

ఇక తిట్లు. మెసేజ్‌లో 1,500 అని పెట్టి అక్కడికి పోయాక ఫైలు, పెన్ను, జిరాక్సులకి ఇంకో 300 అన్నారు, ఇది ముందే చెప్తే ఎవరూ ఏమనరు. సర్టిఫికెట్లు, శాలువాలు, గ్రూప్ ఫొటో కలిపి రెండో రోజు గంటన్నర మింగాయి, ఆ టైం మేడంకి ఇచ్చి ఉంటే అందరి బడ్జెట్లూ అయిపోయేవి, సగం మందివి మిగిలిపోయాయి. అన్నిటికంటే ఘోరం, ఆడవాళ్ళ బాత్రూమ్‌కి గడియ లేదు, ఒకరు లోపలికి పోతే ఇంకొకరు బయట కాపలా. పదిహేను మంది దాకా ఆడవాళ్ళున్నారు. మొదటి రోజే చెప్పారు, రెండో రోజు కూడా అంతే.

ట్రైనింగ్ తర్వాత రెండుసార్లు డ్రాఫ్ట్ చూసిస్తామన్నారు, ఇది మాత్రం మాట నిలబెట్టుకున్నారు. పదకొండు రోజులకి మా కాగితం ఎర్ర సిరాతో నిండి వచ్చింది, "అత్యంత వెనుకబడిన" అనే మాట నాలుగు చోట్ల కొట్టేసి పక్కన "ఎంత?" అని రాసి ఉంది. 32 పేజీలది తొమ్మిది పేజీలైంది. 3,86,000 అడిగితే ఒక కంపెనీ 2,90,000 ఒప్పుకుంది, అలుగు రిపేరు తీసేసి కాలువ వరకే. సగం వచ్చింది, మిగతా సగం ఖర్చు లెక్క, యూసీ (పైసలు చెప్పిన పనికే పెట్టామనే సర్టిఫికెట్) ఇచ్చాక. తుమ్మ కొట్టడం అయింది, వాన కోసం చూస్తున్నాం.

విదేశీ ఫండ్స్ కోసం వెళ్ళేవాళ్ళకి ఈ ట్రైనింగ్ పనికిరాదు. ఎవరో అడిగితే మేడం, ముందు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాలు తీసుకోవడానికి కేంద్రం దగ్గర చేసుకునే రిజిస్ట్రేషన్) తెచ్చుకోండి, ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో ఖాతా తీయండి, అప్పుడు రండి అని అక్కడితో ఆపేసింది.

ఐదుకి మూడున్నర ఇస్తున్నా, అందులో మూడు మేడంవి, అర బగారన్నానిది. వచ్చే బ్యాచ్ మహబూబ్‌నగర్‌లో అంటున్నారు. పోయేవాళ్ళు పాత ప్రపోజల్ తప్పకుండా ముందే పంపండి, మొదటి రోజు మధ్యాహ్నానికి చేరినా నష్టం లేదు, మేడం వస్తుందో లేదో, బాత్రూమ్‌కి గడియ బిగించారో లేదో మాత్రం ఫోన్ చేసి కనుక్కున్నాకే డబ్బులు కట్టండి.