లిఫ్ట్ సిలిండర్లు రీబిల్డ్‌కి ఇచ్చేవాళ్లు జాగ్రత్త: రాడ్ చూడకుండా డబ్బులు కట్టొద్దు

తిరుపతి, చిత్తూరు వైపు గ్యారేజీలు నడిపే అన్నలందరూ ఒకసారి చదవండి. మా టూ పోస్ట్ లిఫ్ట్ (రెండు స్తంభాల మధ్య బండిని పైకెత్తేది) సిలిండర్లు ఆయిల్ కారుతుంటే ఇక్కడే ఒక షాపుకి ఇచ్చాం. బిల్లు మీద 'ఫుల్ రీబిల్డ్' అని ఉంది. చేసింది సీళ్లు (ఆయిల్ కారకుండా ఆపే రింగులు) మార్చి, రాడ్‌ని (సిలిండర్‌లోంచి బయటికొచ్చే కడ్డీని) ఎమరీ పేపర్‌తో రుద్దడం, అంతే.

బిగించిన కొత్తలో బాగానే లేచింది. బ్రహ్మోత్సవాల ముందు కొండ ట్యాక్సీలు బ్రేకు పనికి వరసగా వచ్చే టైంలో, ఎత్తిన ఇన్నోవా దానంతట అదే కిందికి జారింది. సేఫ్టీ లాక్ పట్టుకోబట్టి ఆగింది. కింద మా కుర్రాడు నిలబడే చోటు అది. ఇప్పటికీ తలుచుకుంటే భయమేస్తుంది.

వేరే మెకానిక్ చేత విప్పిస్తే విషయం తెలిసింది. రాడ్ మీద తుప్పు తిన్న గుంటలు అలాగే ఉన్నాయి. రాడ్ మీది క్రోమ్ పూత లేచిపోయిన చోట ఎంత రుద్దినా గుంట పోదు, పైగా మిగిలిన క్రోమ్ కూడా అరుగుతుంది. ఆ అంచులు కొత్త సీల్ పెదవిని కోసేశాయి. ట్యూబ్ లోపల నిలువు గీతలున్నాయి, హోనింగ్ (లోపలి గోడని అరగదీసి సాపు చేయడం) చేయనే లేదు. పిస్టన్ దాటిన ఆయిల్ పైనున్న గాలి రంధ్రంలోంచి కారుతోంది. ఒక ఓ-రింగ్ (గుండ్రటి రబ్బరు సీల్) అయితే ఉబ్బి మెత్తబడింది. బ్రేకు పనుల్లో వాడే ఈపీడీఎం రబ్బరు హైడ్రాలిక్ ఆయిల్‌లో ఇలాగే ఉబ్బుతుంది. అక్కడ నైట్రైల్ గానీ పాలీయురేథేన్ గానీ ఉండాలి. అన్నీ నల్లగా ఉంటే చూపుతో తేడా తెలియదు, ఏ రబ్బరో అడిగి తీరాలి.

సిలిండర్ మీ ఎదుటే విప్పించండి. రాడ్ మీద గోరు పెట్టి లాగితే తగిలే గుంటలుంటే హార్డ్ క్రోమ్ (గట్టి క్రోమ్ పూత) చేయించాలి, లేదా కొత్త రాడ్ వేయించాలి. పాత సీళ్లు వెనక్కి తీసుకోండి. బిగించాక సిలిండర్‌లో చిక్కిన గాలి తీసి, బరువు ఎత్తి, కింద ఎవరినీ ఉంచకుండా, లాక్ మీద దించకుండా గుర్తు గీసి చూడండి, జారుతుందేమో తెలుస్తుంది. పని చేసేటప్పుడు మాత్రం రెండు వైపులా లాక్ మీద దించాకే కిందికి వెళ్లాలి. బండి బరువు ఆయిల్ మీద ఉండకూడదు.

ఆ షాపువాళ్లని అడిగితే 'గ్యారంటీ సీళ్లకే, రాడ్‌తో మాకు సంబంధం లేదు' అన్నారు. అందుకే క్రోమ్, హోనింగ్, సీల్ రకం, ఏ పనికి ఎంతో బిల్లులో విడివిడిగా రాయించుకోండి. రాయనంటే ఇంకో షాపు చూసుకోండి.